జాడీ నుండి అంగడి వరకు: మన ఇండ్ల నిలవ సరకుల చరిత్ర

శతవార్షిక సంచికలో దేవాలయముల కట్టడమును గూర్చియు, బడుల స్థాపనను గూర్చియు, సేవచేసి వెళ్ళిన పెద్దలను గూర్చియు వ్రాయుటకు మాకంటె తగినవారు అనేకులు కలరు. చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గము వారు మమ్మును కోరినప్పుడు మేము కొంత ఆలోచించి, ఎవ్వరును వ్రాయని చరిత్ర యొకటి మన వంటయింటి అటకమీదనే యున్నదని తలంచితిమి. అది జాడీల చరిత్ర. ఆవకాయ జాడీ, నిమ్మకాయ జాడీ, వాటి ప్రక్కన జామ్ సీసా. ఇవి మన తల్లులును అక్కచెల్లెండ్రును సరదాకు, అభిమానమునకు, పండుగకు చేయునవి. వీటిని అమ్మి బ్రదుకవచ్చునా? బ్రదికినవారు ఎవరైన ఉన్నారా? ఉన్నయెడల ఏమి చేసి బ్రదికిరి? ఈ మూడు ప్రశ్నలకు మాకు దొరికిన సమాధానములను సంఘస్థుల యెదుట ఉంచుటయే మా ఉద్దేశ్యము.

ఒక కోతపండుగ

కొలకలూరు గుంటూరు తెనాలి రైలు మార్గముమీద నున్న గ్రామమని మీరెరుగుదురు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై కృష్ణ నీరు పడమటి డెల్టాకు పారినది మొదలు ఈ నేల వరికి పెట్టినది పేరు. వరితోపాటు అరటి, పసుపు, నిమ్మ, జామ ఈ చుట్టుపట్ల పండుచున్నవి. తెనాలి నిమ్మకాయల మార్కెట్టు, దుగ్గిరాల పసుపు మార్కెట్టు మన జిల్లా దాటి పేరుపడినవి. పండ్లకు కొదువలేదు. కొదువయెల్ల అవి ఒక్కసారిగా పండుటలో నున్నది. కాయ విరివిగా వచ్చిన వారము ధర పడిపోవును; రైతు గంప తిరిగి ఇంటికి తెచ్చుకొనలేక వచ్చిన ధరకు వదలుకొనును.

కొన్ని సంవత్సరముల క్రిందట కోతపండుగకు వడ్ల బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు, అరటి గెలలు వచ్చిన బల్లమీద ఒక సోదరి మూడు సీసాల జామపండ్ల జామ్ తెచ్చి పెట్టెను. వేలములో ఒక్కొక్క సీసా 60 రూపాయలకు పోయెను. అందరును మెచ్చుకొనిరి. "ఇంత బాగా చేస్తున్నారు గదమ్మా, అమ్మకానికి పెట్టకూడదా?" అని మేమును అంటిమి. ఆమె నవ్వి, "ఏమోనండి అయ్యగారూ, సరదాకి కాచాను. అమ్మితే ఏం మిగులుతుందో నాకేం తెలుసు?" అనెను. అయినను ఇరుగుపొరుగువారు ఆ 60 రూపాయల ధరకే అడిగి చేయించుకొనసాగిరి. నాలుగు నెలలు సాగినది. పిమ్మట ఆమె మానుకొనెను. అడిగినవారు తగ్గలేదు, జామ్ చెడలేదు, ఎవరును బాకీ పడలేదు. అయినను ఆమె అలసిపోయి మానుకొనెను. ఎందుకు మానుకొనెనో ఆ దినము మాకు అర్థము కాలేదు. దాని జవాబు ఈ వ్యాసము చివర చెప్పెదము.

నిలవచేయు విద్య

పండు కోసిన గడియనుండియే చెడుటకు ఆరంభించును. బూజును, పులియజేయు సూక్ష్మజీవులును దానిమీద పెరుగుటకు నీరు కావలెను. ఉప్పునుగాని చక్కెరనుగాని మెండుగా కలిపినయెడల పండులోని నీరు ఆ జీవులకు అందదు. నిలవ వంటలన్నిటిలోని రహస్యము ఇదియే. మన పూర్వులు ఈ మాటను ఈ విధముగా చెప్పలేదు గాని చేసి చూపిరి. మామిడికాయను కడిగి, తుడిచి, ఆరిన పిమ్మటనే ముక్కలు కొట్టుట, తడి గరిటె జాడీలో పెట్టనియ్యకపోవుట, ముక్కల మీద నూనె తేలునట్లు చూచుట, మూతకు గుడ్డ వాసెన కట్టుట, ఇవన్నియు శాస్త్రమే. మామిడిరసమును చాపమీద పొరపై పొరగా పోసి ఎండబెట్టిన తాండ్ర జామ్‌కు అక్కవంటిది. ఒకటి ఎండలో చిక్కబడును, ఒకటి పొయ్యిమీద చిక్కబడును, అంతే భేదము.

ఐరోపాలో నికొలా అప్పేర్ అను ఫ్రెంచి మిఠాయి పనివాడు ఆహారమును సీసాలలో పెట్టి, గట్టిగా బిరడా బిగించి, మరుగు నీటిలో ఉడికించి నిలవచేయు పద్ధతిని కనుగొని, 1810లో ప్రభుత్వమునుండి 12,000 ఫ్రాంకుల బహుమానము పొందెను. అది ఏల పనిచేయుచున్నదో ఆయన ఎరుగడు. అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట లూయీ పాశ్చర్ సూక్ష్మజీవులను గూర్చి చెప్పువరకు ఎవ్వరును ఎరుగరు. చేతికి తెలిసినది బుద్ధికి తెలియుటకు ఒక్కొక్కసారి అంతకాలము పట్టును.

జామ్ అను మాట ఇంగ్లీషుది. మన జామపండుకు దానితో చుట్టరికము లేదు. అయినను జామపండు జామ్‌కు మిక్కిలి తగిన పండు. ఏలయనగా రసమును గడ్డకట్టించు పెక్టిన్ అను పదార్థము జామలో పుష్కలముగా నున్నది, దోరకాయలో మరింత యున్నది. పెక్టిన్, పులుపు, చక్కెర, ఈ మూడును తగుపాళ్ళలో కలిసిననే జామ్ నిలుచును. పులుపునకు మన నిమ్మకాయ యున్నది. మిశ్రమము సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి వచ్చినప్పుడు కాపు ముగిసినదని గుర్తు. ఉష్ణమాపకము లేనివారు చల్లని పళ్ళెముమీద ఒక చుక్క వేసి, వ్రేలితో నెట్టి, ముడత పడినదా లేదా అని చూచుకొందురు. మిషను బంగళాలలో వంటవారుగాను ఆయాలుగాను పనిచేసిన మన పెద్దలు కొందరు దొరసానుల యొద్ద జామకాయ జెల్లీ కాచుట నేర్చిరని పాత కుటుంబములలో చెప్పుకొందురు. ఏ దారిని వచ్చినను ఆ విద్య మన ఇండ్లలో నిలిచినది.

ఇల్లు దాటిన నలుగురు

ఇంటి విద్య ఇల్లు దాటిన కథలు లోకములో చాల కలవు. అందులో నాలుగింటిని మాత్రమే చెప్పెదము.

మొదటిది ఇంగ్లండుది. ఎసెక్సు సీమలోని టిప్ట్రీ గ్రామమున పండ్లతోటలు గల విల్కిన్ కుటుంబము 1885లో జామ్ కంపెనీ పెట్టెను. తమ స్ట్రాబెర్రీలు లండను బజారుకు చేరులోగా నలిగి చెడిపోవుచుండుట చూచి, పండును పంపుటకు మారుగా జామ్ చేసి పంపుట మేలని వారు తలంచిరి. ఆ కంపెనీ నేటికిని ఆ గ్రామమునందే యున్నది. తెనాలి మార్కెట్టులో నిమ్మకాయ గంపతో నిలుచున్న మన రైతునకు ఈ కథ పరాయిది కాదు.

రెండవది మహారాష్ట్రలోని పంచగని కొండ యూరిది. 1959లో కిశోర్ వోరా అను మందుల వ్యాపారి ఆ చుట్టుపట్ల పండు పండ్లతో జామ్ చేయుట ఆరంభించెను. నేడు దేశమంతట తెలిసిన మాప్రో అను పేరు ఆ చిన్న ప్రయత్నము నుండి వచ్చినదే.

మూడవది బొంబాయిది, అదే 1959వ సంవత్సరముది. మార్చి 15న గిర్గాములోని ఒక ఇంటి మేడమీద ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పుతెచ్చి అప్పడములు చేయనారంభించిరి. మొదటి దినమున చేసినవి నాలుగు పొట్లములు. అదియే లిజ్జత్ పాపడ్. వారి తొలినాటి కథలో మూడు సంగతులు మేము మన సోదరీలకు ప్రత్యేకముగా చెప్పగోరుచున్నాము. మొదటి యేడు వానాకాలములో అప్పడములు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయెను. మరుసటి యేడు వారొక మంచమును, ఒక స్టవ్వును కొని, మంచముమీద అప్పడములు పరచి, క్రింద స్టవ్వు వెలిగించి ఆరబెట్టిరి. ఇది మొదటి సంగతి. తొలుత వారు మేలురకము, నాసిరకము అని రెండు విధములుగా చేసి, నాసిరకమును తక్కువ ధరకు అమ్మజూచిరి. వారికి తోడ్పడిన ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ గారు అది కూడదనియు, ఒక్కటే మేలురకము చేయవలెననియు చెప్పిరి. ఇది రెండవది. దీనిని దయతో నడుపు పనిగా కాక వ్యాపారముగా నడుపవలెననియు, లెక్కలు సరిగా వ్రాయవలెననియు ఆయనయే చెప్పిరి. ఇది మూడవది. మొదటి సంవత్సరపు అమ్మకము 6,196 రూపాయలు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుదు వచ్చినది.

నాలుగవది హిమాచల ప్రదేశములోని భుయిరా గ్రామముది. లినెట్ ముష్రాన్ అను ఆంగ్ల వనిత, భారతీయుని వివాహమాడి ఈ దేశమున స్థిరపడినది, అక్కడ ఇల్లు కొనుక్కొని, తోటలలో పండ్లు వృథాయగుట చూచి తన వంటయింట జామ్ కాయసాగెను. 1999లో అది వ్యాపారమైనది. అందు పనిచేయువారు ఎక్కువమంది ఆ కొండ గ్రామముల స్త్రీలే.

ఈ నాలుగింటిలోను ఒక పోలిక యున్నది. ఎవరును కొత్త వంటను కనుగొనలేదు. జామ్ పాతది, అప్పడము మరింత పాతది. వారు కొత్తగా చేసినదేమనగా, ఇంట్లో ఒకసారి కుదిరిన రుచిని నూరుసార్లు అదేవిధముగా కుదుర్చుట, దానికి లెక్క వ్రాయుట.

మన గోదావరి సీమలో

తెలుగువారిలో ఈ పని జరుగలేదని ఎవరును తలంపవద్దు. పెరవలి మండలములోని ఉసులుమర్రు అను ఊరు పచ్చళ్ళకు పేరుపడినది. అది 2022 వరకు పశ్చిమ గోదావరిలోను, ఆ యేటి జిల్లాల విభజన తరువాత తూర్పు గోదావరిలోను ఉన్నది. అక్కడి కుటుంబములు ఇంటిలో పచ్చళ్ళు పెట్టి, వాహనములమీద ఊరూరా తిరిగి అమ్ముకొని బ్రదుకుచున్నవి. ఒక ఇంటివారు చేయగా చూచి ప్రక్క ఇంటివారు నేర్చి, ఊరికి ఊరే ఆ వృత్తిలో దిగినది.

కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురము పూతరేకుల సంగతి అందరికిని తెలిసినదే. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండమీద లాగగా కాగితమువంటి రేకు వచ్చును. ఆ నేర్పు అక్కడి స్త్రీల చేతులలో తరతరములుగా నున్నది. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించెను. అనగా ఆ పేరును ఆ సీమ తయారీదారులు తప్ప ఇతరులు వాడుకొనరాదని చట్టము కాపాడును. చేతి నేర్పు ఊరి ఆస్తిగా కాగితము మీదికి ఎక్కిన దినమది.

1980లో రామోజీరావు గారు స్థాపించిన ప్రియా ఫుడ్స్ వారు తెలుగు పచ్చడిని సీసాలో పెట్టి, పేరు అంటించి, దూరదేశముల అంగళ్ళకు పంపిరి. అది ఇంటిలో పుట్టిన వ్యాపారము కాదు గాని, ఇంటి పచ్చడిని డబ్బిచ్చి కొనువారున్నారని మన ప్రజలకు తెలిసినది అటువంటి ప్రయత్నముల వలననే. పిమ్మట విజయవాడ, గుంటూరు, హైదరాబాదు వీధులలో "స్వగృహ" అను బోర్డులు లేచినవి. ఆ మాటను గమనింపుడు. అమ్మునది అంగడిలోనే, కాని బోర్డుమీద ఇల్లు అని వ్రాసిరి. కొనువారు వెదకునది ఇంటి చేతినే యని ఆ అంగళ్ళవారికి తెలియును. అమెరికాలోనున్న బిడ్డలకు ఆవకాయ పొట్లములు కట్టించి పంపు తల్లిదండ్రులు మన సంఘములలోను ఉన్నారు గదా!

పెట్టుబడి లేదను మాట కూడ పూర్వమువలె చెల్లదు. 1982లో ఆరంభమైన డ్వాక్రా పథకము, 1992లో స్వయం సహాయక సంఘములకు బ్యాంకు ఋణములిచ్చు ఏర్పాటు, నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమము తరువాత బలపడిన పొదుపు ఉద్యమము, ఇవన్నియు కలిసి మన రాష్ట్రపు స్త్రీలకు బ్యాంకు గుమ్మము చూపినవి. 2020లో కేంద్ర ప్రభుత్వము చిన్న ఆహార పరిశ్రమలకు ప్రత్యేకముగా ఒక పథకము పెట్టి, ఖర్చులో 35 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఋణముతో కూడిన రాయితీగా నిర్ణయించెను. డ్వాక్రా బజారులలో ఇంటి పచ్చళ్ళ బల్ల లేని బజారును మేము చూడలేదు.

కొలత లేని చేయి

ఇంతవరకు నిలిచినవారి కథలు చెప్పితిమి. నిలువని కథ కూడ చరిత్రయే గనుక, మా కన్నుల యెదుట జరిగిన దానిని చెప్పెదము.

మేము సేవచేసిన ఒక సంఘములో ఒక వృద్ధ విధవరాలు ఉండెను. ఆమె నిమ్మకాయ ఊరగాయకు ఆ చుట్టుపట్ల పేరు. పెండ్లియైనను, దినమైనను, సభలైనను ఆమె జాడీ రావలసినదే. ఎంత ఉప్పు, ఎంత కారము, ఎన్ని దినములు ఎండ అని అడిగినయెడల "చేతికే తెలుస్తుందయ్యా" అనుచుండెను. కొందరు ప్రోత్సహింపగా ఆమె 40 సీసాలు పట్టించి, పట్టణములోని ఒక దుకాణమునకు అరువు మీద ఇచ్చెను. వానాకాలము. సీసాలు కడిగి ఎండబెట్టిన దినమున మబ్బు పట్టెను. ఆ తడి కొన్ని సీసాలలో నిలిచినది. నెల తిరుగకముందే బూజు పట్టినవని దుకాణమువారు సీసాలన్నియు తిప్పి పంపిరి. చెడినవి ఎన్ని, బాగున్నవి ఎన్ని అని విడదీసి చూచినవారు లేరు. ఏ సీసా ఏ దినమున పట్టినదో వ్రాత లేదు గనుక ఆమెయు వాదింపలేకపోయెను.

ఆమెకు పోయిన డబ్బుకంటె పోయిన పేరు ఎక్కువ బాధించెను. ఆ పిమ్మట బయటివారికి ఎన్నడును ఊరగాయ పెట్టలేదు. రెండేండ్లకు ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె కుమార్తె తల్లి పద్ధతినే పెట్టజూచెను. మూడు మారులు పెట్టెను. ఒకసారి ఉప్పు మించెను, ఒకసారి చేదెక్కెను, మూడవసారి బాగున్నది గాని తల్లిది కాలేదు. "అమ్మను కూర్చోబెట్టి తూకం వేయించి ఉంటే బాగుండేదండి అయ్యగారూ" అని ఆమె మాతో అనినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఏలయనగా ఆ పని చేయదగినవారిలో మేమును ఒకరము. ఆ ఊరగాయ మేము ఎన్నిమారులో తిని మెచ్చుకొంటిమి గాని, ఒక్కమారును కాగితము కలము తీసి ఆమె ప్రక్కన కూర్చుండలేదు. ఆమె సమాధిమీద పేరును తేదీలును ఉన్నవి. ఆమె విద్య ఎక్కడను లేదు.

ప్రభుత్వపు కొలత

ప్రభుత్వము పెట్టు నియమములను మనవారు ఆటంకములుగా తలంచుట కద్దు. నిదానించి చూచినయెడల ఆ నియమములు ఆ వృద్ధురాలికి కావలసియుండిన కొలతలే.

మన దేశమున 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టమును, 1955లో పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వును వచ్చినవి. జామ్, స్క్వాష్, ఊరగాయ అమ్మువారు లైసెన్సు పొందవలెనని ఆ ఉత్తర్వు విధించెను. ఇట్టి చట్టములన్నిటికి మారుగా 2006లో ఆహార భద్రత ప్రమాణాల చట్టము వచ్చి, దాని నిబంధనలు 2011 ఆగస్టు 5 నుండి అమలైనవి. వాటిలో సంవత్సరమునకు 12 లక్షల రూపాయలకు మించని అమ్మకము గల చిన్న తయారీదారులకు లైసెన్సునకు మారుగా రిజిస్ట్రేషను చాలునని పెట్టిరి. జామ్ అని పేరు పెట్టి అమ్మునప్పుడు నూటికి 45 పాళ్ళకు తగ్గకుండ పండు ఉండవలెననియు, కరిగిన ఘనపదార్థము 65 పాళ్ళకు తగ్గరాదనియు నిర్ణయించిరి. నియమములును రుసుములును అప్పుడప్పుడు మారుచుండును గనుక, పని మొదలుపెట్టు ముందు కార్యాలయములో విచారించుకొనుట మంచిది.

సీసామీద కాగితములో ఏమేమి ఉండవలెను? సరకు పేరు, కలిపిన దినుసులు, నికర తూకము, తయారైన తేదీ, ఎంతకాలములోగా వాడవలెనో ఆ తేదీ, పట్టిన వంతు సంఖ్య, తయారుచేసినవారి పేరు, విలాసము, రిజిస్ట్రేషను సంఖ్య. వంతు సంఖ్య యనగా ఒక్క కాపులో వచ్చిన సీసాలన్నిటికిని వేయు గుర్తు. ఆ చిన్న గుర్తు ఉండినయెడల, మబ్బు పట్టిన దినమున పట్టిన సీసాలు ఇవి, మిగిలినవి బాగున్నవి అని ఆ వృద్ధురాలు దుకాణమువారికి చూపియుండును. 40 సీసాలకు మారుగా బహుశః పది పోయియుండును. పేరు నిలిచియుండును.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. జామ్, నిమ్మ, మామిడి పులుపుగలవి గనుక వాటిని జాగ్రత్తతో నిలవచేయుట సులువు. మాంసము, రొయ్యలు, చేపలతో పెట్టు పచ్చళ్ళు అట్టివి కావు. వాటిలో పొరపాటు జరిగిన ప్రాణాపాయము కలుగవచ్చును. కొత్తవారు వాటితో ఆరంభింపకుండుట మేలు. నేర్చుకొనగోరువారికి దూరము పోనక్కరలేదు. 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల గల బాపట్లలోనే ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాలయు ఉన్నది. 1950 నుండి మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పనిచేయుచున్నది.

అరవై రూపాయల లెక్క

ఇప్పుడు కోతపండుగనాటి సోదరి యొద్దకు తిరిగి వచ్చెదము. ఆమె మానుకొనిన కొన్నాళ్ళకు మేమును మా గృహిణియు ఆమె ఇంట కూర్చుండి, కాగితముమీద లెక్క వేసి చూచితిమి.

కిలో జామ గుజ్జునకు గింజయు తొక్కయు పోగా సుమారు కిలో 400 గ్రాముల పండ్లు కావలెను. కిలో 40 రూపాయల చొప్పున 56 రూపాయలు. చక్కెర కిలో 45. నిమ్మకాయలు 5. గ్యాసు 20. మూతలతో మూడు అరకిలో సీసాలు, ఒక్కొక్కటి 18 చొప్పున 54. వెరసి 180 రూపాయలు. కిలో గుజ్జు, కిలో చక్కెర కాచగా నీరు ఇగిరి సుమారు కిలోన్నర జామ్ వచ్చును, అనగా మూడు సీసాలు. సీసాకు 60 రూపాయలు.

ఆ అంకె చూచి ముగ్గురము కొంతసేపు మాటలాడలేదు. ఆమె అమ్మిన ధరయు 60 రూపాయలే. పండ్లవాడు తన డబ్బు పొందెను, చక్కెర కొట్టువాడు పొందెను, సీసాలవాడు పొందెను, గ్యాసు కంపెనీ పొందెను. పండ్లు తరిగి, గింజలు వడియగట్టి, పొయ్యి దగ్గర కదలకుండ నిలుచుండి గరిటె త్రిప్పిన చేతికి ఒక్క పైసా రాలేదు. ఆమె అలసట సోమరితనము వలన వచ్చినది కాదు. నాలుగు నెలలు ఆమె ఉచితముగా పనిచేసెను. అది ఆమెకును తెలియదు, కొనిన మనకును తెలియదు.

పిమ్మట ఆ లెక్కలో రెండు గంటల పనికి గంటకు 60 రూపాయల చొప్పున 120 చేర్చితిమి. 300 అయినది, సీసాకు 100. కాగితము అంటించుటకును, అప్పుడప్పుడు చెడు సీసాకును మరి పది వేసితిమి. దుకాణమువారికి నూటికి 20 ఇయ్యవలసియుండినయెడల ఆ సీసాను 137 రూపాయల 50 పైసలకు తక్కువగా అమ్మరాదు. 140 అని నిర్ణయించితిమి. "అంత పెడితే ఎవరు కొంటారండీ?" అని ఆమె భయపడెను. ఇది నిజమైన భయమే. పెద్ద కంపెనీవారి జామ్‌తో ధరలో పోటీపడుట ఇంటివారికి సాధ్యము కాదు. కాని పంచగనివారును భుయిరావారును ధరతో పోటీపడలేదు. తమ యూరి పండు, తక్కువ సరకు, నమ్మకమైన చేయి, వీటిని అమ్మిరి. మన డెల్టా జామపండును తెనాలి నిమ్మరసముతో కాచిన జామ్ అని సీసామీద వ్రాసినయెడల అది అబద్ధము కాదు గదా!

ఆమె మరల ఆరంభించెను. కొనువారు సగమునకు తగ్గిరి. అయినను ఆమె మానుకొనలేదు, ఏలయనగా ఇప్పుడు ప్రతి సీసాలోను ఆమె చేతికి 40 రూపాయలు ఉన్నవి. ఒక తక్కెడ, ఒక ఉష్ణమాపకము, ఒక నోటుపుస్తకము కొనుక్కొనెను. పుస్తకములో ప్రతి కాపునకు తేదీ, పండ్ల తూకము, చక్కెర తూకము, ఎన్ని సీసాలు వచ్చినవో వ్రాయుచున్నది. అది గొప్ప పరిశ్రమ కాలేదు. రేపు అగునో కాదో మేము చెప్పజాలము. కాని చిన్న కుమార్తె పాలిటెక్నిక్ ఫీజు ఆ పుస్తకములోని డబ్బుతోనే కట్టితినని మొన్న చెప్పినది.

ముగింపు

సంఘస్థులారా, చరిత్రలో మేము చూచినది ఒక్క మాటలో చెప్పవలెనన్న, రుచి చేతిది, వ్యాపారము లెక్కది. చేయి ఎంత మంచిదైనను దానిని తూచి వ్రాయనియెడల అది ఒక్క ఆయుస్సుతో పోవును. కష్టము ఎంత గొప్పదైనను దానికి వెల కట్టనియెడల అది ఇతరులకు దానముగా పోవును. దానము మంచిదే, తెలిసి చేసినప్పుడే అది దానము.

కాబట్టి ఈ శతవార్షికోత్సవ సంవత్సరమున ప్రతి ఇంటివారిని ఒక్కటి కోరుచున్నాము. మీ ఇంట పెద్దవయసు తల్లియో, అత్తగారో, పెద్దమ్మగారో పెట్టు పచ్చడి, తాండ్ర, జామ్ ఏదైన ఉండినయెడల, రాబోవు కాయల కాలములో ఆమెను పీటమీద కూర్చుండబెట్టి, ఆమె పిడికిట పట్టిన ఉప్పును జాడీలో వేయకముందు తక్కెడలో వేయుడు. తూకము వ్రాసికొనుడు. ఎన్ని దినముల ఎండయో వ్రాసికొనుడు. దానిని అమ్ముదురో అమ్మరో తరువాతి సంగతి. ఈసారి కోతపండుగ బల్లమీద సీసాలు వచ్చినప్పుడు వేలము పాడు సోదరులు కూడ ఆ అరవై రూపాయల లెక్కను జ్ఞాపకము చేసికొందురు గాక.